గప్పీ గారి దొడ్డి

మీరడిగారు: ఈ వారం దొరల ఇంటిపేర్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజీల్లో నాలుగు ఇంటిపేర్ల మీదే ఉన్నాయండీ, అదీ మన ఇంటిపేర్లు కాదు, దొరలవి. ఒకరు చేప గురించి అడిగారు, ఒకరు కాలువ గురించి, గుంటూరు నుంచి ఒకాయన తన పేట గురించి. విడివిడిగా రాద్దామనుకున్నా గానీ తవ్వుతూ పోతే మూడూ ఇంగ్లండ్‌లో ఒకే జిల్లాకెళ్ళి తేలాయి, అందుకని అన్నీ ఒకేచోట పెట్టేస్తున్నా.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో క్లాసు. పోయిన దసరా సెలవుల్లో బీసెంట్ రోడ్డు పక్క సందులో ఆరు గప్పీ చేపలు కొనిచ్చాం, ఇప్పుడు లెక్కపెట్టలేనన్ని అయినాయి. గప్పీ అంటే ఏంటని వాడడిగితే మా మావయ్యగారు "గుప్పెట్లో పట్టే చేప కాబట్టి గుప్పీ, వాడకంలో గప్పీ అయింది" అని చెప్పారు. వాడు స్కూల్లో అదే చెప్పొచ్చాడు. టీచరేమో కాదు అదొక మనిషి పేరు అన్నారట. రోజూ అన్నం దగ్గర ఇదే గొడవ. ఎవరు రైట్ అండీ?
— ఒక అమ్మ, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: టీచరే రైటమ్మా. కానీ మావయ్యగారికి కొంచెం మెల్లగా చెప్పండి, ఎందుకంటే నిజానికంటే ఆయన చెప్పిందే బావుంది.

గప్పీ అనేది చేప పేరు కాదు, ఇంటిపేరు. రాబర్ట్ జాన్ లెక్మియర్ గప్పీ అని ఒకాయన, 1836లో లండన్‌లో పుట్టాడు, కుర్రతనంలో న్యూజిలాండ్ తీరాన ఓడ పగిలిపోతే అక్కడి మూలవాసులైన మావోరీల మధ్య కొన్నాళ్ళు బతికి, తర్వాత వెస్టిండీస్‌లో ట్రినిడాడ్ దీవికెళ్ళి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా స్థిరపడ్డాడు. ఈయనకి అసలు పిచ్చి చేపల మీద కాదు, రాళ్ళల్లో దొరికే పాత గవ్వలు, ఆల్చిప్పల మీద. అయినా అక్కడి వాగుల్లో దొరికిన చిన్న చేపల్ని కూడా లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంకి పంపించాడు, అక్కడ గుంథర్ అనే శాస్త్రవేత్త 1866లో "ఇది కొత్త చేప" అని చెప్పి పంపినాయన పేరు కలిపి గిరార్డినస్ గప్పీ అని పేరు పెట్టాడు.

తీరా చూస్తే కొత్త చేపేం కాదు. 1859లోనే జర్మనీ ఆయన పీటర్స్ అనే అతను వెనిజులా నుంచొచ్చిన ఇదే చేపకి పేరు పెట్టేసి ఉన్నాడు. మన విజయవాడ భాషలో చెప్పాలంటే రిజిస్ట్రేషన్ ఏడేళ్ళ ముందే వేరేవాళ్ళు చేయించుకున్నారు. సైన్సు రూల్ ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది, అందుకే పుస్తకాల్లో పోయెసీలియా రెటిక్యులేటా అని ఉంటుంది. కానీ ఆ పేరు నోరు తిరిగే పేరా? జనం గప్పీనే ఉంచుకున్నారు. పైగా ఇది గుడ్లు కాదు, నేరుగా పిల్లల్నే పెడుతుంది, అదీ నెల నెలా, అందుకే మీ ఆరు అన్నయినాయి. బార్బడోస్‌లో దీన్ని మిలియన్స్ అని పిలిచేవాళ్ళు, ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ గప్పీ ఇంటిపేరు ఇంగ్లండ్‌లో చాలా అరుదు. స్మిత్, జోన్స్ లాగా వీధికి పదిమంది ఉండరు. ఎందుకరుదంటే అది ఒకే ఒక్క చిన్న చోటు నుంచి పుట్టింది. ఇంగ్లండ్ దక్షిణాన సముద్రం ఒడ్డున డోర్సెట్ అని ఒక జిల్లా, వాళ్ళు కౌంటీ అంటారు. దానికి పడమటి కొసన, డెవన్ జిల్లా సరిహద్దు దగ్గర, లైమ్ రీజిస్ అనే టౌన్‌కి దగ్గర్లో వూటన్ ఫిట్జ్‌పెయిన్ అని ఒక పల్లె. ఆ పల్లె పొలాల్లో ఉన్న ఒక చోటి పేరు గప్పీ. పాత ఇంగ్లీషులో గుప్పా అనేది మనిషి పేరు, "హెగ్" అంటే కంచె వేసిన జాగా. అంటే గుప్పా అనే ఆయన కంచె కట్టుకున్న దొడ్డి అన్నమాట. చూశారా, మావయ్యగారి గుప్పెడు పూర్తిగా తప్పు కూడా కాదు, మొదట అది గుప్పాయే!

ఆ హెగ్ అనేది వాడగా వాడగా అరిగిపోయి చివర ఒక్క "ఈ" మిగిలింది. మనకి చేబ్రోలు, నిడుబ్రోలు లేవూ? ప్రోలు అంటే ఊరు, పట్నం. ఇప్పుడు చేబ్రోలు బస్సెక్కేవాళ్ళలో బ్రోలు అంటే ఏంటో ఎంతమంది ఆలోచిస్తారు చెప్పండి. అదే కథ.

ఆ దొడ్డి దగ్గర బతికినోడు ఏ పక్క ఊరికో పనికెళితే అక్కడివాళ్ళు "గప్పీ నుంచొచ్చినోడు" అన్నారు, వాడి కొడుక్కీ అదే తగులుకుంది, మనవడికీ తగులుకుంది. ఇంగ్లండ్‌లో 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చాక పెద్దింటోళ్ళతో మొదలయ్యి సుమారు 1400 నాటికి మామూలు జనంలో కూడా ఇంటిపేర్లు ఇలా తండ్రి నుంచి కొడుక్కి స్థిరపడిపోయాయి. ఒక దొడ్డి, దాన్నుంచి వచ్చిన ఒకటో రెండో కుటుంబాలు, అంతే. మగపిల్లలు లేకపోతే ఆ ఇంటిపేరు అక్కడితో సరి, మనలాగా దత్తత తెచ్చుకుని నిలబెట్టుకునే ఆచారం మామూలు ఇళ్ళల్లో పెద్దగా లేదు. అట్లా చాలా పేర్లు మాయమైపోయినా ఇది మాత్రం బతికింది. ఎక్కువగా డోర్సెట్‌లోనే, దాన్నానుకున్న సోమర్సెట్, డెవన్‌లలో, ఆ పైన పనుల కోసం వెళ్ళిన బ్రిస్టల్, లండన్‌లలో కనపడుతుంది. ఉత్తరానికి పోయే కొద్దీ పలచబడిపోతుంది. మన దగ్గర కొన్ని ఇంటిపేర్లు వింటేనే ఇది రేపల్లె సైడు, ఇది పల్నాడు సైడు అంటాం చూడండి, అలాగన్నమాట.

బ్రిస్టల్ అన్నాను కదా, అక్కడ సారా గప్పీ అని ఒకావిడ ఉండేది, పుట్టింటి పేరు బీచ్, బర్మింగ్‌హామ్ ఆడపడుచు, గప్పీ వాళ్ళింటికి కోడలుగా వచ్చింది. 1811లో బ్రిడ్జిలకి నీళ్ళల్లో గట్టి పునాది వేసే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. మరుసటేడు ఇంకో పేటెంట్, అదేంటంటే టీ కాచే పాత్ర, దాంట్లోనే పక్కన కోడిగుడ్డు ఉడుకుతుంది, పైన రొట్టె వేడిగా ఉంటుంది. నాకైతే బ్రిడ్జి కంటే ఇదే గొప్పగా అనిపించింది, పొద్దున్నే వంటింట్లో నిలబడ్డోళ్ళకి తెలుస్తుంది దీని విలువ. ఈవిడ కొడుకు థామస్ గప్పీ ఇంజనీరయ్యి పెద్ద పెద్ద ఆవిరి ఓడలు కట్టించిన కంపెనీలో ముఖ్యుడయ్యాడు.

మీ అబ్బాయికి ఇంకోటి కూడా చెప్పండి, క్లాసులో అందరూ నోరెళ్ళబెడతారు. 1962లో అమెరికాలో పొట్ట బాగా ఉబ్బిన ఒక విమానం ఎగిరింది, చంద్రుడి దగ్గరికి పంపే రాకెట్ల భాగాలు మొయ్యడానికి. దాని ఆకారం చూసి ప్రెగ్నెంట్ గప్పీ అని పేరు పెట్టారు, అంటే చూలుతో ఉన్న గప్పీ. మనిషి పేరు దొడ్డికి, దొడ్డి పేరు ఇంటికి, ఇంటిపేరు చేపకి, చేప పేరు విమానానికి వచ్చింది.

అన్నట్టు మీరు చేపలు కొన్న బీసెంట్ రోడ్డు కూడా ఇంటిపేరేనండోయ్. అనీబిసెంట్ పుట్టింటి పేరు వుడ్, బిసెంట్ అనేది ఆవిడ భర్త, చర్చి ఫాదరీ ఫ్రాంక్ బిసెంట్ ఇంటిపేరు. బైజాంటియం అనే పాత రాజ్యం బంగారు నాణేన్ని బెజంట్ అనేవాళ్ళు, దాన్నుంచి వచ్చింది. మొగుడి నుంచి 1873లోనే విడిపోయింది గానీ ఆయన ఇంటిపేరు మాత్రం బెజవాడ బజారు దాకా వచ్చేసింది. బంగారు నాణెం పేరున్న రోడ్డు మీద ఇవాళ బేరమాడకుండా ఎవరూ ఏమీ కొనరు, అది వేరే సంగతి.

ప్రశ్న: ఫలానా ఇంటిపేరు ఫలానా జిల్లాది అని ఇంగ్లీషువాళ్ళు ఎలా తేలుస్తారు సార్? ఏదో ఊహించి చెప్పేస్తారా? మన ఇంటిపేర్లకి కూడా అలా చెయ్యొచ్చా?
— రిటైర్డ్ ఎల్‌ఐసీ ఉద్యోగి, పటమట

జవాబు: ఊహ కాదండీ, లెక్క. ఆ లెక్క మొదలెట్టినాయన ఎవరో తెలుసా, ఇంకో గప్పీ! నేను కావాలని ముడేస్తున్నాననుకునేరు, నిజంగానే. హెన్రీ బ్రోమ్ గప్పీ, 1854లో పుట్టాడు, నేవీలో డాక్టరు, సాలమన్ దీవుల్లో తిరిగి పగడపు దిబ్బల మీద, సముద్రం మీద కొట్టుకుపోయే విత్తనాల మీద పని చేశాడు. ఏ మొక్క ఏ దీవిలో మొలుస్తుంది, విత్తనం ఎంత దూరం పోతుంది అని చూసే కన్ను కదా, అదే కన్నుతో ఇంటిపేర్లని చూశాడు. 1890లో బ్రిటన్ ఇంటిపేర్ల సొంతూళ్ళ మీద పెద్ద పుస్తకం వేశాడు.

ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, అందర్నీ లెక్కపెట్టలేదు, రైతుల్నే లెక్కపెట్టాడు. ఎందుకంటే అప్పటికే రైళ్ళొచ్చి ఫ్యాక్టరీలొచ్చి జనం చెల్లాచెదురైపోయారు, లండన్‌లో లెక్కపెడితే అన్ని జిల్లాల పేర్లూ కలగాపులగంగా వస్తాయి. రైతు మాత్రం భూమిని వదిలిపెట్టి ఎక్కడికి పోతాడు? అందుకని జిల్లాల వారీగా అచ్చయ్యే డైరెక్టరీల్లో రైతుల పేర్లు తీసుకుని, 30 నుంచి 40 జిల్లాల్లో ఉండే పేరు ఒక రకం, 20 దాటితే ఒక రకం, అలా తగ్గించుకుంటూ వచ్చి చివరికి ఒక్క జిల్లాకే పరిమితమైన పేర్లని విడిగా పెట్టాడు. మన గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తెచ్చే రైతుల పేర్లు ఊరి వారీగా రాసుకుంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట, నాకైతే ఎవరైనా ఆ పని చేస్తే బావుండుననిపిస్తుంది.

ఇప్పుడు ఇంకా సులువైంది. అక్కడ చర్చిల్లో పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, సమాధుల రిజిస్టర్లు రాయాలని 1538లోనే ఆర్డరేశారు. 1837 జులై నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాలు గవర్నమెంటే రాస్తోంది. 1881 జనాభా లెక్కల్లో ప్రతి మనిషి పేరూ, పుట్టిన ఊరూ ఇప్పుడు కంప్యూటర్లలో ఉంది, దాన్ని మ్యాపు మీద పెడితే అరుదైన పేర్లు సిరా చుక్క పడ్డట్టు ఒకేచోట కనపడతాయి. ఆ చుక్క మధ్యకి వెళ్ళి అక్కడ ఆ పేరుతో పొలమో పల్లెటూరో ఉందా అని చూస్తారు. గప్పీకి ఇది సరిగ్గా సరిపోతుంది, డోర్సెట్‌లో పేరూ ఉంది, చోటూ ఉంది.

ఆ పైన రక్తం కూడా చూశారు. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి పోతుంది, మగవాళ్ళలో ఉండే వై క్రోమోజోమ్ అనే జన్యువుల పోగు కూడా అంతే. లెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2009లో 40 ఇంటిపేర్లున్న 1,678 మంది మగవాళ్ళని పరీక్షించి చూస్తే స్మిత్ లాంటి పేర్లవాళ్ళకి ఒకరితో ఒకరికి సంబంధమే లేదు, స్మిత్ అంటే కమ్మరి, ఊరూరా కమ్మరి ఉంటాడు కదా, ఎవరి స్మిత్ వాళ్ళదే. పేరు అరుదయ్యే కొద్దీ ఒకే మూలపురుషుడికి చేరుతున్నారు. అంటే అక్కడ అరుదైన ఇంటిపేరు ఒకటే ఉన్నోళ్ళు ఇద్దరు కలిస్తే చుట్టాలయ్యే ఛాన్సు బాగానే ఉందన్నమాట.

మనకి చెయ్యొచ్చా అంటే, చెయ్యొచ్చు గానీ ఒక్క విషయం జాగ్రత్త. ఊరిపేరు ఇంటిపేరైతే ఆ మనుషులు ఆ ఊళ్ళో ఉంటారనుకోవద్దు, ఉండరు. తెనాలి రామకృష్ణుణ్ణి తెనాలిలో ఎవరైనా తెనాలి అని పిలుస్తారా? అక్కడ అందరూ తెనాలోళ్ళే! ఊరు దాటి పోయినవాడికే ఊరిపేరు అతుక్కుంటుంది. బెజవాడ గోపాలరెడ్డి గారు ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేశారు, ఆయన పుట్టింది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో. బెజవాడ ఇంటిపేరు కోసం బెజవాడ ఓటర్ల లిస్టు తిరగేస్తే ఏం లాభం, చుట్టుపక్కల జిల్లాలు వెతకాలి. అయితే గప్పీ లాంటి చిన్న దొడ్డి పేర్లు వేరు, అవి పుట్టిన చోటు చుట్టూ నాలుగైదు కోసుల్లోనే ఎక్కువ కాలం తిరుగుతాయి, ఎందుకంటే ఆ దొడ్డి పేరు తెలిసినోళ్ళు అంతవరకే ఉంటారు కాబట్టి. దూరం పోయినోణ్ణి జిల్లా పేరుతోనో పెద్ద టౌన్ పేరుతోనో పిలుస్తారు. మీ ఇంటిపేరు ఏ పెద్ద ఊరిదో అయితే దూరంగా వెతకండి, ఏ చిన్న పల్లెదో అయితే ఆ పల్లె చుట్టూ వెతకండి.

ప్రశ్న: రైవస్ కాలువ గట్టు మీదే పుట్టి పెరిగాం. బందరు కాలువ బందరుకి పోతుంది, ఏలూరు కాలువ ఏలూరుకి పోతుంది, మరి ఈ రైవస్ ఏ ఊరండీ? మా ఫ్రెండు రైస్ కాలువ, వరికి నీళ్ళిచ్చేది కాబట్టి అంటున్నాడు.
— డిగ్రీ స్టూడెంట్, విజయవాడ

జవాబు: మీ ఫ్రెండుకి ఆ సత్యనారాయణపురం తాతగారితో పరిచయం చేయించాలి, ఇద్దరికీ కుదురుతుంది. రైవస్ ఊరు కాదు బాబూ, అదీ దొరల ఇంటిపేరే, గప్పీ లాగానే అరుదైనది. ఈ పేరుగల పాత కుటుంబం ఎక్కడిదంటే, మళ్ళీ డోర్సెట్! బ్లాండ్‌ఫోర్డ్ అనే టౌన్ దగ్గర డామరీ కోర్ట్ అనే ఇల్లు వాళ్ళది. 1600ల్లో ఆ ఇంటినుంచి సర్ థామస్ రైవస్ అని పెద్ద లాయరొచ్చాడు, బ్రూనో రైవస్ అని ఇంకో డోర్సెట్ ఆయన రాజుగారి పక్షాన పత్రిక నడిపి చివరికి విండ్సర్ చర్చికి డీన్, అంటే పెద్ద ఫాదరీ అయ్యాడు. ఒక శాఖ ఐర్లండ్‌కి కూడా పోయింది. మన కాలువలో దోమలు పోవాలంటే వాటి పిల్లల్ని తినే చేపలు వదలాలి అంటుంటారు కదా, గప్పీ కూడా దోమ పిల్లల్ని బాగా తింటుంది. డోర్సెట్ కాలువలో డోర్సెట్ చేప! కానీ ముందు ఆ ప్లాస్టిక్ కవర్లు వెయ్యడం మానాలి, లేకపోతే ఏ జిల్లా చేపైనా బతకదు.

ప్రశ్న: గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట పక్కపక్కనే ఉంటాయి. దొరల పేర్లని తెలుసు. అరండల్ అనేది ఇంగ్లండ్‌లో ఒక కోట పేరు అని మా మనవరాలు చూపించింది. అంటే ఆ దొరవాళ్ళది ఆ కోటేనా?
— ఒక పెద్దాయన, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మనవరాలు చూపించిన కోట నిజమే బాబాయ్ గారూ, ససెక్స్ జిల్లాలో అరండల్ అనే ఊరు, నార్మన్లు వచ్చిన మరుసటేడు 1067లో మొదలుపెట్టిన కోట. కానీ ఇక్కడే తిరకాసు. ఆ కోట జమీందార్లకి అరండల్ అనేది బిరుదు, వాళ్ళ ఇంటిపేరు ఫిట్జ్‌అలన్, తర్వాత హోవర్డ్. అరండల్ ఇంటిపేరుగా ఉన్న పెద్ద కుటుంబమేమో అక్కడికి చాలా దూరంగా దేశానికి నైరుతి మూలన కార్న్‌వాల్‌లో ఉండేది, లాన్‌హెర్న్, ట్రెరైస్ అనే చోట్ల. ఇంకో శాఖ విల్ట్‌షైర్‌లో వార్డర్ కోటలో. కోట ఒకచోట, ఇంటిపేరు ఇంకోచోట.

ఎందుకలా అంటే ఆ ఇంటిపేరు ఊరు నుంచి రాలేదు, పిట్ట నుంచి వచ్చిందంటారు. పాత ఫ్రెంచిలో అరొండెల్ అంటే వానకోయిల. సన్నగా, చురుగ్గా తిరిగే మనిషికి పెట్టిన ముద్దుపేరై ఉంటుంది. ఆ కుటుంబం డాలు మీద కూడా నల్లటి మీద తెల్లగా ఆరు పిట్టల బొమ్మలే. 1086లో విలియం రాజు రాయించిన భూముల లెక్కల పుస్తకంలోనే రోజర్ అరండల్ అని ఒకడున్నాడు, వాడి భూములు ఎక్కడ చూస్తారా, సోమర్సెట్‌లోనూ, ఇదిగో మళ్ళీ, డోర్సెట్‌లోనూ. ఊరి పేరుకేమో వేరే అర్థం, ఏదో మందుమొక్క పెరిగే లోయ అని. రెండు వేర్వేరు మాటలు కాలక్రమంలో ఒకేలా వినపడటం మొదలెట్టాయి. అందుకే పేరు కలిసింది కదా అని సంబంధం కలిపేసుకోకూడదు.

బ్రాడీపేట మాత్రం అచ్చంగా ఊరి నుంచే. బ్రోడీ అనేది ఉత్తర స్కాట్లండ్‌లో మోరే జిల్లాలో ఒక చోటు, నేర్న్, ఫారెస్ అనే రెండు టౌన్ల మధ్య, అక్కడ 1567లో కట్టిన కోట ఇంకా ఉంది. ఆ ఇంటిపేరున్న అందరిలోకీ ప్రసిద్ధుడు విలియం బ్రోడీ, ఎడిన్‌బరాలో పగలు కౌన్సిలరు, రాత్రి దొంగ, 1788లో ఉరితీశారు, ఇంటిపేరు కస్తూరివారు ఇల్లంతా గబ్బిలాల కంపు అంటారే అలాంటోడు. ఇక బ్రోడీ అనే మాటకి స్కాట్లండ్ పాత భాషలో బురద నేల, గుంట అని అర్థం చెప్తారు. మన గుంటూరు అయితే గుంట ఊరు, శాసనాల్లో గర్తపురి, గర్తం అన్నా గుంటే. అంత దూరం నుంచి ఒక గుంట పేరు వచ్చి సరిగ్గా మన గుంటలోనే పేట అయి కూర్చుంది, మనవరాలికి ఇది కూడా చూపించండి.